కడవ మూతికి ఎర్రంచు బట్ట

సభల్లో నన్ను పరిచయం చేసే పద్ధతి ఒకటుంది. మైకు దగ్గరికి వచ్చినాయన కాగితం విప్పుతాడు. మద్రాసులో నేను గీసిన సబ్బు ప్రకటనతో మొదలుపెట్టి, హైదరాబాదులో పెట్టిన కంపెనీ మీదుగా, వచ్చిన పతకాల దాకా చదువుకుంటూ పోతాడు. వింటూ కూర్చుంటే నాకే ఆవలింత వస్తుంది. ఆ పతకాలంటే నాకు చులకన లేదు. ఇచ్చినప్పుడు రెండు చేతులా తీసుకున్నాను, ఇంకా ఇస్తామంటే ఇంకా తీసుకుంటాను. నేను మంచి పనివాణ్ణి, ఆ సంగతి దాచుకోవాల్సిన అవసరం నాకు కనబడదు.

అయితే ఈ ప్రకటనల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇంటికొచ్చి, "సార్, మీరు చేసిన వాటిల్లో గొప్పది ఏది?" అని అడిగితే నేను ఆ సబ్బు పేరు ఎత్తను. పత్తికొండ అవతల నల్లకొట్టాల అనే పల్లెలో, దిగుడుబావి దారిలో, సున్నం కొట్టిన గోడ మీద వేసిన కడవ బొమ్మ గురించి చెబుతాను. పిల్లలు మర్యాదకు తల ఊపుతారు. ముసలాయనకు మతి తప్పిందని లోపల అనుకుంటారని నాకు తెలుసు. అందుకే ఆ సంగతంతా ఒకసారి కుదురుగా రాసి పెడుతున్నాను. ఎక్కిన మెట్లు, వచ్చిన జీతాలు ఇందులో ఉండవు. వాటికోసం చదివేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఉస్తాద్ అడిగే ప్రశ్న

మా నాయన మిషన్ బడిలో పంతులు. చర్చి గోడల మీద బైబిలు వాక్యాలు రాస్తూ నాకు కుంచె పట్టుకోవడం అలవాటైంది. అక్షరం గుండ్రంగా వస్తోందని పాస్టరు గారు మెచ్చుకునేసరికి నేను పెద్ద ఆర్టిస్టునని నాకు గట్టి నమ్మకం కుదిరి, కర్నూలుకు బస్సెక్కాను.

కర్నూలు రాజధాని అయిన రోజులవి. ఆఫీసులు డేరాల్లో నడుస్తున్నాయి. మద్రాసు నుంచి దిగిన గుమాస్తాలు ఎండకు తల మీద తువ్వాళ్ళు కప్పుకుని బాడుగ ఇళ్ళకోసం తిరుగుతున్నారు. నిన్నటిదాకా బోర్డు లేకుండా బతికిన ప్రతి అంగడికీ ఉన్నట్టుండి బోర్డు కావాల్సి వచ్చింది. కొండారెడ్డి బురుజు పక్క సందులో మహబూబ్ ఉస్తాద్ దుకాణం ఉండేది. నేను అక్కడ కుదిరాను.

ఉస్తాద్ కోపిష్టి. ఒక చెంపన పాన్, భుజాన కిరసనాయిలు గుడ్డ. బొమ్మ నచ్చలేదంటే ఒక్క మాట చెప్పడు, గుడ్డతో తుడిచేస్తాడు. పొద్దుటినుంచి వేసిన పని కళ్ళముందే జారిపోతుంటే ప్రాణం ఉసూరుమనేది. ఇంటికి పోదామని మూట కూడా కట్టుకున్నాను. మా నాయనకు మొహం ఎలా చూపించాలో తెలియక మళ్ళీ విప్పుకున్నాను.

బస్టాండు దగ్గర సోడా అంగడికి బోర్డు రాయమన్నారు. నేను ఒక అందమైన ఆడమనిషిని వేశాను. పట్టుచీర, చేతిలో సోడాబుడ్డి, బుగ్గన సొట్ట. జనం నిలబడి చూసిపోయేవాళ్ళు. నేను ఎదురుగా చెట్టుకింద నిలబడి, వాళ్ళు చూస్తుంటే చూసుకుని మురిసిపోయాను. సాయంత్రానికి అంగడాయన వచ్చి, "సూసేటోళ్ళే గానీ తాగేటోళ్ళు ల్యారు ఉస్తాద్," అని మొత్తుకున్నాడు.

ఉస్తాద్ నా వైపు తిరిగాడు. "దీన్ని సూసినోడు ఏం జెయ్యల్లనుకున్న్యావు?"

"మెచ్చుకోవాల," అన్నాను.

"మెచ్చుకుని పోయినారు గద మల్ల," అని గుడ్డ తీసి ఆ పట్టుచీరను నిమిషంలో తుడిచేశాడు. "బొటనేలు గియ్యి. బుడ్డిమూతిలో గోలీని లోపలికి నొక్కే బొటనేలు. పైకి చిమ్మే గ్యాసు. అంతే. ఇంగేం వద్దు."

ఏడుపు మొహంతో గీశాను. బోర్డు నిండా ఒక బొటనవేలు, బుడ్డి మెడ, పైకి చిమ్మే తెల్లటి నురగ. మరుసటి రోజు అదే చెట్టుకింద నిలబడి చూశాను. ఎండలో నడిచి వచ్చే గుమాస్తాలు బోర్డు వైపు చూడటం, గుటక వేయడం, అంగడి వైపు కాళ్ళు తిరగడం. ఎవరూ బొమ్మను మెచ్చుకోలేదు. అందరూ సోడా తాగారు.

పిల్లలూ, మీరు కాలేజీల్లో ఏళ్ళ తరబడి చదివే చదువులో సగం ఆ బొటనవేలిలో ఉంది. నాకు మాత్రం అది వెంటనే ఎక్కలేదు. నా మనసంతా బోర్డు కింద మూల మీద ఉండేది, అక్కడ నా సంతకం పెట్టుకోవాలని. 'సామ్యేలు, ఆర్టిస్టు' అని వంపులు తిప్పి రాసేవాణ్ణి. ఉస్తాద్ ఏమీ అనకుండా ఆ మూలను గుడ్డతో రుద్దేసేవాడు.

మద్దిలేటి కాలు

ఆ సోడా అంగడిలోనే జిల్లా హెల్తాఫీసరు గారు ఒకరోజు సోడా తాగారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన డాక్టరు, మెత్తటి మనిషి. బుడ్డి కింద పెట్టి, "ఈ బొటనవేలు వేసిందెవరండీ?" అని అడిగి, వెతుక్కుంటూ మా దుకాణానికి వచ్చారు. ఉస్తాద్ నన్ను చూపించాడు. "ఈ పిల్లోడే. చెయ్యి మంచిది. బుర్ర ఇంగా రావల్ల," అన్నాడు. డాక్టరు గారు నవ్వి, మరుసటి రోజు నన్ను జీపులో ఎక్కించుకుని నల్లకొట్టాలకు తీసుకుపోయారు.

అప్పుడు మా సీమను పీడించిన నారిపురుగు సంగతి ఇప్పటి పిల్లలకు తెలియదు. తెలియకపోవడం మంచిదే. దారిలో డాక్టరు గారు చెప్పుకొచ్చారు. "బావి నీళ్ళల్లో కంటికి ఆనని పురుగులుంటాయి సామ్యేలూ. వాటిలో దీని పిల్ల ఉంటుంది. ఆ నీళ్ళు తాగితే లోపల పెరిగి, ఏడాదికి కాల్లోంచి దారంలా బయటికొస్తుంది. ఆ కాలుతో మనిషి మళ్ళీ బావిలో దిగితే మళ్ళీ పిల్లల్ని వదులుతుంది. మందు లేదు. నీళ్ళు రెండు మడతల బట్టలో వడగడితే చాలు. ఈ ఒక్క మాట జనానికి ఎక్కించలేక చస్తున్నాను."

నల్లకొట్టాలలో బావి మెట్లబావి. ఆడవాళ్ళు నీళ్ళలోకి దిగి ముంచుకోవాల్సిందే. మేం పోయిన రోజు విత్తనాల అదును. మద్దిలేటి అనే రైతు నులకమంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. పిక్కలోంచి తెల్లటి దారంలాంటిది బయటికి వచ్చి ఉంటే, దాన్ని చిన్న పుల్లకు చుట్టి పెట్టుకున్నాడు. రోజూ కొంచెం కొంచెం చుట్టి లాగాలి. తెగిందంటే కాలు మొద్దులా వాస్తుంది. పక్కనే గంపలో విత్తనాలు అలాగే ఉన్నాయి.

ఆయన పెండ్లాం లింగమ్మ నా చేతిలో కుంచెల సంచీ చూసింది. "ఏమప్పా, బొమ్మలు గీసేటోడివా? మా ఆయప్ప కాలు గీసుకోని పో. అందరూ సూడల్ల."

"లింగా, ఊరుకో," అన్నాడు మద్దిలేటి మంచంలోంచి.

"ఏంటికి ఊరుకోవల్ల? పోయినేడూ పడుకున్న్యాడు, ఈ యేడూ పడుకున్న్యాడు. నా తమ్ముడు యెద్దులు కట్టుకోనొచ్చి విత్తి పోతాండాడు. వానికీ పెండ్లాం బిడ్డలుండారు, ఎన్నేండ్లని వస్తాడు? ఇంగ రెండేండ్లు ఇట్లయితే చేను అమ్ముకోని గుంటూరు సీమకు కూలికి పోవాల్సిందే." ఇంత చెప్పి, నాకు చెంబుతో నీళ్ళిచ్చింది. నేను డాక్టరు గారి వైపు చూశాను. చెంబు తీసుకోవాలో వద్దో నాకు తెలియలేదు. లింగమ్మకు అది అర్థమైంది. చెంబు వెనక్కి తీసుకుని మొహం తిప్పుకుంది.

ఆ తిప్పుకున్న మొహం నేను మర్చిపోలేదు. మద్దిలేటి మళ్ళీ గొర్రు పట్టుకుని తన చేను తాను విత్తుకునేట్టు చేయాలని నాకు పంతం పుట్టింది.

సామ్యేలప్ప మొక్కు

పంతం మంచిదే, బుర్రే ఉస్తాద్ చెప్పినట్టు ఇంకా రాలేదు. మద్దిలేటి కాలు చూసి నాకు భయం వేసింది కాబట్టి, ఊరందరికీ అలాగే భయం వేయాలి అనుకున్నాను. భయపడితే నీళ్ళు వడగట్టుకుంటారు గదా! బావి మెట్లకు పైన నిలువుగా పాతిన నాపబండ ఒకటి ఉంది. దాని నిండా ఆ పురుగును వేశాను. పుల్లకు చుట్టలు చుట్టలుగా చుట్టుకున్నట్టు. చచ్చిన దారంలా పడి ఉంటే బొమ్మకు ఊపు రాదని తల పైకి లేపాను. పురుగుకు కళ్ళుండవు. కళ్ళు లేకపోతే బొమ్మ బోసిగా ఉంటుందని రెండు కళ్ళు పెట్టాను. మెడ కొంచెం వెడల్పు చేస్తే గంభీరంగా ఉంటుందనిపించింది, చేశాను. ఉస్తాద్ దగ్గర లేడు గనక, కింద వంపులు తిప్పి 'సామ్యేలు, ఆర్టిస్టు' అని తీరిగ్గా రాసుకున్నాను. అబ్బ, ఎంత బాగా కుదిరిందో అనుకుంటూ ఇంటికొచ్చాను.

చదువుతున్నవాళ్ళకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నాకు శ్రావణంలో గానీ అర్థం కాలేదు.

నాగుల పంచమి అయిన తర్వాత డాక్టరు గారితో కలిసి మళ్ళీ పోయాను. బావి దగ్గర బండకు పసుపు పూసి ఉంది. కుంకుమ బొట్లు, తంగేడు పూలు, పాలు కారిన చారలు. ఒక అవ్వ బండకు నుదురు ఆనించి మొక్కుకుంటోంది. నా పురుగు పెద్ద కళ్ళతో పైనుంచి ఆమెను చల్లగా చూస్తోంది. అవ్వ మొక్కుకుని లేచి, మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, కడవ ముంచుకుని వెళ్ళిపోయింది.

లింగమ్మ నన్ను చూసి ఎదురొచ్చింది. మొహంలో పాత కోపం లేదు. "నీ పేరున నేనూ పాలు పోసినానప్పా. కింద నీ పేరుండాదంట గద, బడిపంతులు సదివి జెప్పినాడు. పిల్లల కోసరం నాగప్పను నిలబెట్టించినావంట. కిరస్తానమోడివైనా శానా భక్తి నీకు."

"నాకింకా పెళ్ళే కాలేదక్కా!"

"అయితే ముందు పెండ్లి అయితాది. తర్వాత పిల్లలు. నాగప్ప అన్నీ వరసగా ఇస్తాడులే."

డాక్టరు గారు జీపు అవతలి పక్కకు పోయి నిలబడ్డారు. భుజాలు కదులుతున్నాయి. పిల్లలు పుట్టని వాళ్ళు బండ మీద పామును చెక్కించి, కింద పేరు వేయించి, ఊరి దగ్గర నిలబెట్టడం మా సీమలో ప్రతి ఊళ్ళో ఉన్నదే. నేను అదే బండ మీద, అదే చుట్టలతో, పడగతో, పేరుతో సహా వేసిపెట్టి, దీన్ని చూసి పురుగనుకోండి అంటే ఎవరనుకుంటారు? వాళ్ళు బొమ్మను సరిగ్గానే చదివారు. నేనే ఒకటి అనుకుని ఇంకొకటి వేశాను.

ఈ వార్త మా అమ్మకు ఎలా చేరిందో గానీ చేరింది. పాస్టరు గారిని వెంటబెట్టుకుని కర్నూలుకు వచ్చి, దుకాణం మెట్ల మీద కూర్చుని, "నా కొడుకు నాగులకు మొక్కినాడంట ఉస్తాదూ," అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఉస్తాద్ ఆమెకు టీ తెప్పించి, సర్దిచెప్పి పంపి, నా వైపు తిరిగాడు.

"దాన్ని సూసినోడు ఏం జెయ్యల్లనుకున్న్యావు?"

"భయపడాల."

"భయపడినోడు ఏం జేస్తాడు?"

నేను తల గోక్కున్నాను.

"మొక్కుతాడు. మొక్కినారు గద. నీ బొమ్మ శానా బాగా పనిజేసింది బేటా," అని పాన్ తుపుక్కున ఊసి, "రేపు నేనూ వస్తా, పద," అన్నాడు.

ఎర్ర గీటు

ముందు ఆ బండను తుడిచేద్దామన్నాను. గుడ్డ తీసేలోపే లింగమ్మ అడ్డంగా నిలబడింది. "దేవున్ని తుడుస్తావా? చెయ్యి పడిపోతాది!" ఉస్తాద్ తన జీవితంలో మొదటిసారి కిరసనాయిలు గుడ్డ వెనక్కి పెట్టుకున్నాడు. బండను అలాగే వదిలేసి, ఊళ్ళోకి నడిచే దారి చూశాం. బావి నుంచి గట్టు ఎక్కిన చోట, ఆడవాళ్ళు కడవ దించి ఊపిరి తీసుకునే తావు ఒకటి ఉంది. ఎదురుగా ఒక రైతు పశువుల కొట్టం గోడ. "ఈడ," అన్నాడు ఉస్తాద్.

గోడకు సున్నం కొట్టాం. లింగమ్మను పిలిచి నీళ్ళు వడగట్టి చూపించమన్నాను. "నన్నేంటికప్పా గీసేది?" అంటూనే జుట్టు సర్దుకుంది. "మొహం కాదక్కా, చేతులు," అన్నాను. కొంచెం చిన్నబుచ్చుకుంది. ఖాళీ కడవ మూతికి బట్ట రెండు మడతలు వేసి కట్టి, పైనుంచి బిందెతో నీళ్ళు వంచింది. నేను ఆ చేతులు మాత్రం వేశాను. మోచేతి దాకా పచ్చబొట్టు, మణికట్టున పచ్చగాజులు, వంగిన బిందె, కింద కడవ, దాని మూతికి బట్ట. పురుగు లేదు, డాక్టరు లేడు, ఒక్క అక్షరం లేదు.

అంతా వేశాక చూస్తే బట్ట కనబడటం లేదు. సున్నపు గోడ తెలుపు, బట్టా తెలుపు. జాజు రంగులో కుంచె ముంచి బట్ట అంచు వెంట ఒక ఎర్ర గీటు లాగాను. కనబడటానికి, అంతే. ఆ గీటు వెనక పెద్ద ఆలోచన ఏదో ఉందని ఈ మధ్య ఒక కుర్రాడు వ్యాసం రాశాడు. లేదు నాయనా.

నా చెయ్యి అలవాటుగా కింద మూలకు పోయింది. ఉస్తాద్ దగ్గాడు. కుంచె కడిగి పెట్టేశాను. నేను సంతకం పెట్టని మొదటి పని అది.

తర్వాత జరిగినది నేను ఊహించింది కాదు. డాక్టరు గారు ఆఫీసు నుంచి తెల్లబట్ట ముక్కలు తెప్పించి ఇంటింటికీ పంచారు. ఎవరూ వాడలేదు. మడిచి చూరులో దోపారు. ఎందుకని అడిగితే లింగమ్మ కసిరింది. "ఉత్త తెల్లగుడ్డ కడవకు కట్టమంటావేందప్పా? పీనుగ మీద కప్పినట్ల! నీ బొమ్మలో ఎర్రంచు ఉండాది గద. అట్లది తే." డాక్టరు గారు తలపట్టుకున్నారు. అంచు బట్ట ఆఫీసులో ఎక్కడ దొరుకుతుంది? రెండో రోజుకు లింగమ్మే పాత చీర అంచు చించి ఆ తెల్లబట్టకు చుట్టూ కుట్టుకుంది. అది చూసి పక్కింటామె కుట్టుకుంది. అంతే, వీధి వీధంతా పాత చీరల అంచులు చించి కుట్టుకున్నారు. నేను కనబడటానికి పెట్టిన గీటు వాళ్ళకు శుభం అయి కూర్చుంది.

ఒక ఏడు ఓపిక

ఇక్కడితో కథ కంచికి పంపేస్తే నేను అబద్ధాలకోరునవుతాను. మరుసటి ఏడు విత్తనాల అదునుకు ఎంత ధీమాగా పోయానో చెప్పలేను. మద్దిలేటి మళ్ళీ మంచంలో ఉన్నాడు. ఈసారి రెండో కాలు.

లింగమ్మ వీధిలోకి వచ్చి అందరి ముందూ నిలదీసింది. "బట్ట కట్టినా. పొద్దన్నా మాపన్నా వడగట్టినా. అయినా నా మొగుడు మంచంలోనే ఉండాడు. ఏం జెప్తావప్పా ఇప్పుడు?"

డాక్టరు గారు ముందుకొచ్చి, "ఇది నిరుడు బట్ట కట్టకముందు తాగిన పురుగమ్మా. లోపల ఏడాది ఉంటుంది," అన్నారు.

"ఆ మాట గోడ మీద ఏంటికి వెయ్యల్యా?"

ఏం చెబుతాం! ఏడాది అన్నదాన్ని బొమ్మలో ఎలా వేస్తారో నాకు ఈనాటికీ తెలియదు. "అయితే బట్ట తీసేస్తావా అక్కా?" అని అడిగాను.

నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "ఏంటికి తీస్తా? ఊర్లో అందరూ కడవలకు అంచుబట్టలు కట్టుకోనుంటే నా కడవ ఒగటే బోడిగా పెట్టుకోవల్లనా? వచ్చినోళ్ళు ఏమనుకుంటారు?"

ఆ మాటతో నాకు సంగతి అర్థమైంది. పురుగు భయంతో కట్టి ఉంటే ఆ రోజే విప్పి అవతల పారేసేది. ఇంటికి అందం అని కట్టుకుంది గనక ఉంచుకుంది. మీరు రేపు ఆరోగ్యానికో, రోడ్డు ప్రమాదాలకో, ఇంకో మంచిపనికో బొమ్మలు వేయాల్సి వస్తే పుర్రెలు, ఎముకలు వేయకండి. ఆ పని చేసినవాడు తన ఇంట్లో గొప్పగా కనబడేట్టు వేయండి. ఇది నేను చదివి చెబుతున్నది కాదు, లింగమ్మ చేత తిట్లు తిని చెబుతున్నది.

ఆ ఏడు కూడా తమ్ముడే వచ్చి విత్తాడు. పోతూ పోతూ, "ఇంగ నాతో కాదక్కా," అని చెప్పి పోయాడట. మిగిలింది ఒక్క ఏడు. ఆ ఏడాది నాకు మద్రాసు కంపెనీ నుంచి పిలుపొచ్చినా, పోవడానికి మనసొప్పలేదు. ఉస్తాద్ ఎగతాళి చేశాడు గానీ నన్ను పొమ్మని మాత్రం అనలేదు.

ఆ పై వానాకాలం మొదటి పదును పడిందని తెలియగానే నల్లకొట్టాల బస్సెక్కాను. లింగమ్మ ఇంటికి గడియ పెట్టి ఉంది. గుంటూరు సీమకు పోయారనుకున్నాను. పక్కింటామె చెయ్యెత్తి చేల వైపు చూపించింది.

గట్టు ఎక్కి చూశాను. మద్దిలేటి గొర్రు పట్టుకుని ఎద్దుల వెనక నడుస్తున్నాడు. కాలు కొంచెం ఈడుస్తున్నాడు గానీ, నడుస్తున్నాడు. వెనకే లింగమ్మ ఒడిలో గింజలు పోసుకుని గొర్రుగొట్టంలో విడుస్తోంది. తడిసిన నల్లరేగడి వాసన ముక్కుకు కొట్టింది. నేను గట్టుమీదే కూర్చుండిపోయాను.

చాలు చివరికి వచ్చి లింగమ్మ నన్ను చూసింది. "ఏమప్పా, ఏడుస్తాండావు? పెండ్లి గాని కుదిరిందా?"

ఏడుస్తూనే నవ్వాను. గట్టు నీడలో కడవ ఉంది. మూతికి ఎర్రంచు బట్ట. చెంబు ముంచి ఇచ్చింది. ఈసారి నేను డాక్టరు గారి వైపు చూడాల్సిన అవసరం లేకపోయింది. గటగటా తాగేశాను. ఆమె చూస్తూ నిలబడింది, ఖాళీ చెంబు తీసుకుని, "ఇంగొంచెం తాగు," అంది.

ఊళ్ళో అందరికీ ఆ ఏడే పురుగు మాయమైందని రాయను. కొందరు ఇంకా మంచాల్లో ఉన్నారు. తగ్గిందని మాత్రం డాక్టరు గారు కళ్ళు మెరుస్తూ చెప్పారు. ఆ తర్వాత పత్తికొండ నుంచి కమలాపురం దాకా ఎన్ని గోడల మీద ఆ చేతులు, ఆ కడవ వేశానో లెక్కలేదు. ప్రతిచోటా ఎర్ర గీటు వేశాను. ఇక మర్చిపోతానా!

కడవంటే

ఉస్తాద్ పోయి చాలా ఏళ్ళయింది. నారిపురుగు మన దేశంలోనే లేకుండా పోయింది. అది ఎంతోమంది కష్టం, దిగుడుబావులు మూయించినవాళ్ళది, బోర్లు వేయించినవాళ్ళది, ఇల్లిల్లూ తిరిగినవాళ్ళది. అందులో నా గోడలూ ఉన్నాయని గర్వంగా చెప్పుకుంటాను. ఎవరైనా కాదంటే పోట్లాడతాను కూడా.

ఈ మధ్య మనవడి కారులో మహానందికి పోయి వస్తూ, పనిగట్టుకుని నల్లకొట్టాలకు తిప్పించాను. పశువుల కొట్టం లేదు, గోడ లేదు. బావి పూడ్చేశారు. బండ మాత్రం ఉంది. రంగు పోయిందని కాబోలు ఎవరో పుణ్యాత్ములు ఉలితో చెక్కించారు. పడగ, పెద్ద కళ్ళు, చుట్టలు, కింద వంపులు తిరిగిన నా పేరు, ఆర్టిస్టు అన్న మాటతో సహా. పసుపు తాజాగా ఉంది. ఉస్తాద్ తుడవలేకపోయిన నా సంతకం అదొక్కటే. మనవడు పడీ పడీ నవ్వాడు.

లింగమ్మ, మద్దిలేటి లేరు. వాళ్ళ చేను వాళ్ళ మనవడు చేసుకుంటున్నాడు. వాకిట్లో ఆ పిల్లవాడి పెండ్లాం ఉంది, కొత్త కోడలు. వీధిలో కొళాయి ఉంది. అరుగు మీద కడవకు మాత్రం బట్ట కట్టి ఉంది, చుట్టూ ఎర్రంచు. దాహమేస్తోందన్నాను. కొళాయి నీళ్ళు బిందెతో తెచ్చి, బట్ట మీదుగా కడవలోకి వంచి, చెంబు ముంచి ఇచ్చింది.

"కొళాయి నీళ్ళే గదమ్మా, ఇంకా ఏంటికి వడగడతాండావు?" అన్నాను. ఆ ఊళ్ళో అడుగుపెడితే నా నోటికి ఆ భాషే వస్తుంది. "ఈ బట్ట కట్టల్లని ఎవరు జెప్పినారు?"

ఆ పిల్ల నా వైపు వింతగా చూసింది.

"ఎవురో జెప్పేదేంది తాతా? కడవంటే బట్ట ఉంటాది గద!"

మా మనవడు ఏదో చెప్పబోయాడు. వాడి మోచెయ్యి పట్టుకుని ఆపి, ఇంకో చెంబు అడిగి తాగాను.